ఎవరు భావిస్తారు, ఎవరు నమ్ముతారు?

ఆలోచనకు తెలుగులో మాటల కరువు లేదు. అనుకోవడం, తలచడం, ఊహించడం, భావించడం. 'అను'కు 'కొను' చేరితే 'అనుకొను', అంటే తనకు తాను చెప్పుకోవడం. గోండిలో చెప్పడాన్ని 'ఇందానా' అంటారు. ఆ మాటా, మన 'అను' ఒకే ద్రావిడ ధాతువు బిడ్డలు. 'భావించు' సంస్కృతం నుంచి వచ్చింది. దాని మూలం 'భూ', అంటే ఉండు, అగు. ఒక విషయాన్ని మనసులో నిలిపి, దానికి రూపం ఇవ్వడమే భావించడం.

'వానలు ఆలస్యమవుతాయని భావించి విత్తడం ఆపాడు' అంటే ఒక నిర్ణయానికి వచ్చాడని అర్థం. 'అడవిని తల్లిగా భావిస్తాం' అంటే అడవికి ఆ స్థానం ఇచ్చామని. రెండు చోట్లా మనిషి బుద్ధి పనిచేసింది.

నా పేచీ వ్యాకరణంతో కాదు, పంపకంతో. మన గురించి రాసే చాలా వ్యాసాల్లో శాస్త్రవేత్తలు భావిస్తారు, చరిత్రకారులు అభిప్రాయపడతారు, గిరిజనులు మాత్రం నమ్ముతారు. 'నమ్ము' చెడ్డ మాట కాదు. వేల్పులను నమ్ముతాం. కానీ చూసి, పోల్చి, తేల్చుకున్నదాన్ని కూడా నమ్మకం ఖాతాలో రాస్తే, మనకు ఆలోచనే లేదన్నట్టు అవుతుంది.

కోయల మామిడి పండుగనే తీసుకోండి. 'పండుగకు ముందు కాయ తింటే కీడని నమ్ముతారు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. లేత కాయ కోస్తే టెంక ముదరదు, మొక్క రాదు. ఆ గడువు వెనుక ఈ లెక్క ఉందేమోనని పెద్దలను అడిగి రాసేవారు తక్కువ.

మా చిట్కుల్‌కు దగ్గరలోని పటాన్‌చెరులో 1972లో మొదలైన ఇక్రిశాట్ ఉంది. అక్కడి విత్తన నిధిలో జొన్న, సజ్జ, కంది, శనగ రకాలు ఎన్నో దేశాల నుంచి సేకరించి దాచారు. అందులోని నాటు రకాలను తరతరాలుగా నిలిపింది రైతులే. ఏ కంకి విత్తనానికి, ఏది గటకకు అని ఎంచిన చేతులవి. ఆ విత్తనాన్ని పరీక్షించే శాస్త్రవేత్త భావిస్తే, దాన్ని ఎంచిన అవ్వ కూడా భావించినట్టే.

ఉపాధ్యాయ మిత్రులారా, పాఠంలో 'గిరిజనులు నమ్ముతారు' అని వస్తే కాసేపు ఆగండి. ఎవరు చూశారు, ఏం చూశారు, ఎందుకలా తేల్చుకున్నారు అని పిల్లలను ఇంట్లో అడిగి రమ్మనండి. కారణం దొరికితే క్రియ మార్చి చదివించండి. దొరకకపోతే నమ్మకాన్ని నమ్మకంగానే ఉంచండి. పిల్లవాడు 'నేను అనుకుంటున్న' అంటే 'భావిస్తున్నాను అనాలి' అని దిద్దకండి. అనుకోవడం తక్కువ పని కాదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు మన ఊళ్ల గురించి రాసేది మీరే. ప్రతి వాక్యంలో క్రియను చూసుకోండి. మనవాళ్ల ఆలోచనకు ఆలోచన అనే పేరు పెట్టండి.