హాట్ రాడ్ వేడెక్కితే ఎక్కడ వెతకాలి

1932లో ఫోర్డ్ కంపెనీ మామూలు సంసారి కొనగలిగే కారులో వీ8 ఇంజన్ పెట్టింది. సామర్థ్యం 221 ఘనపుటంగుళాలు, శక్తి 65 హార్స్‌పవర్. కాలిఫోర్నియా కుర్రాళ్లు అలాంటి కార్లను పాతబడ్డాక చవగ్గా కొని, మడ్‌గార్డులు ఊడదీసి, ఎండిపోయిన సరస్సుల నేల మీద పరుగెత్తించేవారు. హాట్ రాడ్ సంప్రదాయం అలా వేళ్లూనుకుంది. అయితే ఆ ఇంజన్‌కు పుట్టుకతో వచ్చిన తంటా ఒకటుంది. పొగ బయటికి పోయే దారులు బ్లాక్ లోపలి నుంచే, నీళ్లు తిరిగే గదులను ఆనుకుని వెళతాయి. పొగతో పాటు పోవాల్సిన వేడిలో కొంత నీళ్లలోకి దిగుతుంది. అందుకే వేడిని అదుపు చేసే విద్య ఈ పనివాళ్లకు మొదటి నుంచీ తప్పలేదు. ఆ కార్ల రంగుల కన్నా, వేగం కన్నా నాకు ఈ విద్యే గొప్పగా కనిపిస్తుంది.

1955లో షెవర్లే చిన్న వీ8 వచ్చాక, దాన్ని 1932 ఫోర్డ్ బాడీలో కూర్చోబెట్టడం రివాజయింది. కంపెనీ కారులో ఇంజన్, రేడియేటర్, ఫ్యాన్ ఒకదానికొకటి లెక్క కట్టి పెట్టినవి. ఇక్కడ ఒక్కో భాగం ఒక్కో చోటి నుంచి వస్తుంది. విడివిడిగా అన్నీ మంచివే, కలిస్తే కాగిపోతాయి. కాబట్టి భాగాలు మారుస్తూ పోతే డబ్బు ఖర్చవుతుందే తప్ప జబ్బు దొరకదు.

తెలిసిన పనివాడు ముందు వేడి చూపే మీటర్‌నే అనుమానిస్తాడు. మీటర్ ఒక కంపెనీదీ, ఇంజన్‌లో బిగించిన సెన్సర్ ఇంకో కంపెనీదీ అయితే ముల్లు చెప్పేది నమ్మలేం. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలిందంటే అది నీళ్ల వేడి కాదు, ఎర్త్ వైరు లోపం. థర్మోస్టాట్ గూడు మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ చూపించి, రెండు అంకెలూ పోల్చాకే తర్వాతి పని. అంకె పెద్దదైనంత మాత్రాన కంగారు పడనక్కర్లేదు. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపి 15 పౌండ్ల ఒత్తిడికి ఆగే మూత బిగిస్తే, ప్రెషర్ కుక్కర్‌లో లాగే మరిగే స్థాయి పైకి జరుగుతుంది. ఆ మిశ్రమం 125 డిగ్రీలు దాటాకే మరుగుతుంది. మూత రబ్బరు పాడైతే ఈ రక్షణంతా పోతుంది.

ఆ తర్వాత అడగాల్సిన ప్రశ్న: ఎప్పుడు వేడెక్కుతోంది? సగం జవాబు ఇందులోనే ఉంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ముల్లు లేచి, రోడ్డెక్కగానే దిగితే గాలి చాలడం లేదన్నమాట. ఫ్యాన్ చుట్టూ తొడుగు లేకపోతే అది తన రెక్కల ముందున్న కాస్త మేరనే లాగుతుంది, పైగా ఇంజన్ మీది వేడి గాలినే మళ్లీ తిప్పుకుంటుంది. తొడుగు పెట్టి, రెక్కలు సగం లోపల సగం బయట ఉండేలా సర్దితే చాలా బళ్లు అక్కడితో కుదుటపడతాయి. కరెంటు ఫ్యాన్ అయితే ఒక కాగితం రేడియేటర్ ముందు పట్టుకుని చూడాలి. వైర్లు తారుమారైతే అది గాలిని ఎదురు దిశలో తోస్తుంటుంది. నిప్పురవ్వ ఆలస్యంగా పడే ఇంజన్ కూడా ఆగి ఉన్నప్పుడే కాగుతుంది. మంట ఎగ్జాస్ట్ దారిలోకి సాగి గోడలను కాలుస్తుంది. రేసు మోజులో వాక్యూమ్ అడ్వాన్స్ (నిప్పురవ్వను ముందుకు జరిపే అమరిక) పీకేసిన బళ్లలో ఈ గొడవ ఎక్కువ.

హైవే మీద వేడెక్కితే కథ వేరు. అక్కడ గాలికి కొదవ లేదు, చూడాల్సింది నీళ్ల ప్రవాహం. ఇంజన్ రేజ్ చేసి కింది హోస్ వైపు చూడండి. లోపల స్ప్రింగ్ లేని మెత్తటి హోస్ పంపు లాగే ఊపుకి అతుక్కుపోతుంది. ఇంకో చిక్కు కంటికి కనిపించదు. పాత షెవర్లే వీ-బెల్టు పంపు ఒక దిశలో తిరుగుతుంది, తర్వాతి కాలపు వెడల్పు బెల్టు ఏర్పాటులో పంపు ఎదురు దిశలో తిరుగుతుంది. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి, బోల్టులూ కుదురుతాయి. బెల్టుకి తగని పంపు బిగిస్తే అది తిరుగుతూనే ఉంటుంది కానీ నీళ్లు సరిగా నడవవు.

థర్మోస్టాట్ పీకేయడం మన షెడ్లలోనూ ఉన్న అలవాటే. 82 డిగ్రీల థర్మోస్టాట్ ఆ వేడికి తెరుచుకుంటుంది, అంతే. సరిగ్గా తెరుచుకున్నాక ముల్లు 105కి వెళితే నేరం దానిది కాదు. నమ్మకం లేకపోతే గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్‌తో పాటు అందులో వేసి కాచి చూడొచ్చు. థర్మోస్టాట్ లేకుండా నడిపితే చల్లటి రోజుల్లో ఇంజన్ సరైన వేడికి చేరదు, ఆయిల్‌లో తేమ నిలిచి మడ్డి పడుతుంది.

బానెట్ అందం కోసం రేడియేటర్ దించిన కార్లలో మూత ఇంజన్ కన్నా కిందికి వస్తుంది. అప్పుడు గాలి పై భాగంలో చిక్కుకుంటుంది. బండి ముక్కు పైకి లేపి నింపాలి, లేదా అన్నిటికన్నా ఎత్తులో చిన్న ట్యాంకు పెట్టాలి. ఎంత నింపినా బుడగలు ఆగకపోయినా, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన కాసేపటికే హోస్‌లు రాయిలా బిగుసుకున్నా, హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాలి. రేడియేటర్ మూతి దగ్గరి ఆవిరిని నీలం ద్రవంలోంచి లాగే పరీక్ష ఉంది. పొగ కలిసి ఉంటే ద్రవం పసుపు రంగుకి తిరుగుతుంది. తిరిగితే ఇక ఫ్యాన్ల వైపు, పంపుల వైపు చూడనక్కర్లేదు, హెడ్ విప్పాల్సిందే.