‘పింగాణి ఉక్కు’ – ఒక విమర్శ

గాజు, రాగి – ఈ రెండింటిలో ఏది గట్టిది అని తరగతిలో అడిగి చూడండి. కొందరు గాజు అంటారు, దానితో రాగిపై గీత గీయవచ్చును కనుక. కొందరు రాగి అంటారు, కింద పడినా పగలదు కనుక. ఇద్దరి జవాబూ ఒప్పే. తప్పు ప్రశ్నలో ఉన్నది. గీత పడకుండా ఉండడం, వంగకుండా ఉండడం, ఎక్కువ బరువు మోయడం, పగులు వచ్చినా దానిని సాగనీయకుండా ఆపడం – ఈ నాలుగూ వేరువేరు గుణాలు. మన వాడుకలో నాలుగింటికీ ‘గట్టి’ అనే మాట ఒక్కటే.

వంటింటిలో ఈ గందరగోళం వల్ల నష్టమేమీ లేదు. పంటికి తొడుగు వేయించుకొనేవారికి మాత్రం ఉన్నది. దంతవైద్యంలో ఇప్పుడు జిర్కోనియాకు గొప్ప పేరు. అది జిర్కోనియం ఆక్సైడు, పింగాణి జాతి పదార్థం. దానిని మెచ్చుకొనేవారు తరచుగా చెప్పేది ఒకే ఒక అంకె: వంపుబలం 1200 మెగాపాస్కల్. పాతరకం దంతపింగాణి బలం 60 నుంచి 100 వరకే కదా, ఇక ఇది ఉక్కే అంటారు. ఆ ఉపమానం ఎంతవరకు నిలుస్తుందో చూడదలచినాను.

ఉపమానం కొత్తది కాదు. 1975లో గార్వీ, హానింక్, పాస్కో అనే ముగ్గురు ఆస్ట్రేలియాలో చేసిన పనిని ‘నేచర్’ పత్రికలో రెండు పుటలలో ప్రకటించినారు. శీర్షికకు అర్థం ‘పింగాణి ఉక్కా?’ అని. చివర ప్రశ్నార్థకం ఉన్నది. వారు చూపిన విషయం నిజంగా అందమైనది. జిర్కోనియా స్ఫటికాలకు మూడు రూపాలు ఉన్నవి. అధికోష్ణంలో ఏర్పడే చతుష్కోణీయ రూపాన్ని, మరొక ఆక్సైడు కొద్దిగా కలిపి, చల్లారిన తరువాత కూడా నిలిపి ఉంచవచ్చును. పగులు మొన దగ్గరకు రాగానే అక్కడి ప్రతిబలం వల్ల ఆ స్ఫటికాలు ఏకనత రూపానికి మారిపోతవి. మారుతూ ఘనపరిమాణంలో సుమారు 4 శాతం ఉబ్బుతవి. ఉబ్బిన పదార్థం పగులును ఇరువైపులనుంచి నొక్కి పట్టుతుంది. ఉక్కులో కూడా ఇటువంటి స్ఫటికపరివర్తన ఉన్నది కనుక పోలిక తెచ్చినారు. అది ముఖ్యంగా జరిగే తీరులోని పోలిక. పైగా వారు వాడినది కాల్షియం ఆక్సైడు కలిపిన జిర్కోనియా. పళ్ళకు వాడేది ఇట్రియం ఆక్సైడు కలిపినది. తరువాతివారి నోటిలో ప్రశ్నార్థకం రాలిపోయి, ఉక్కు మిగిలినది.

బలం అనే అంకెలో లోపమేమిటి? ప్రయోగశాలలో గాజుగొట్టాన్ని విరిచే పద్ధతి ఉపాధ్యాయులందరికీ తెలిసినదే. ఆకురాయితో ఒక గీత గీసి, రెండు బొటనవ్రేళ్ళు దానికి వెనుకవైపున ఆనించి వంచితే చాలును. గొట్టం అదే గొట్టం, గాజు అదే గాజు. బలం ఏమైనది? 1921లో వెలువడిన గ్రిఫిత్ వ్యాసం దీనికి సమాధానం. పెళుసు పదార్థం విరిగే ప్రతిబలం అందులో ఉన్న పగులు లోతును బట్టి ఉంటుంది. ఆ లోతు వర్గమూలానికి విలోమానుపాతంలో తగ్గుతుంది. కనుక పెళుసు పదార్థానికి బలం స్థిరాంకం కాదు. అది ఆ ముక్కకు, ఆనాటికి ఉన్న బలం. పదార్థానికి చెందిన గుణం మరొకటి: భంగదృఢత్వం, అనగా పగులు సాగకుండా అడ్డుకొనే శక్తి. దాని ప్రమాణం మెగాపాస్కల్‌ను మీటరు వర్గమూలంతో గుణించినది. ఈ ప్రమాణంలో కిటికీ గాజు సుమారు 0.75, దంతపింగాణి 0.7 నుంచి 1, ఇట్రియా 3 మోల్ శాతం కలిపిన జిర్కోనియా సుమారు 5. మామూలు ఉక్కులు 50కి పైమాటే! పింగాణికీ ఉక్కుకూ దూరం ఇక్కడ తెలుస్తుంది.

చిన్న లెక్క వేద్దాము. పగులు ఆకారాన్ని బట్టి వచ్చే గుణకాన్ని వదలివేస్తే, విరిగే ప్రతిబలం భంగదృఢత్వాన్ని (π × పగులు లోతు) వర్గమూలంతో భాగించినంత. జిర్కోనియాలో 10 మైక్రోమీటర్ల పగులు ఉంటే సుమారు 890 మెగాపాస్కల్ వస్తుంది. 100 మైక్రోమీటర్లు, అనగా మిల్లీమీటరులో పదోవంతు పగులు ఉంటే 280. తొడుగు సరిగా కూర్చోలేదని ముతక ఆకుతో అరగదీసేటప్పుడు, ప్రకటనలోని 1200 ఆ తొడుగులో ఎంత మిగులునో చెప్పగలవారెవరు? పరీక్షకు పెట్టేవి చక్కగా మెరుగుపెట్టిన చిన్న పలకలు, కడ్డీలు. నోటిలో ఉండేది ఉమ్మిలో తడిసి, లక్షలసార్లు నమిలే తొడుగు. నీరు పగులు మొనలోని బంధాలను మెల్లగా తెంపుతుంది. ఆ సంగతి గాజులోనే ముందుగా బయటపడినది.

మన పాఠ్యగ్రంథాల మీద కూడా నాకొక ఫిర్యాదు ఉన్నది. ఘనపదార్థాల యాంత్రికధర్మాల పాఠంలో ప్రతిబల–వికృతి వక్రరేఖ గీసి, గరిష్ఠబలపు బిందువు, భంగబిందువు దగ్గరగా ఉంటే పెళుసు, దూరంగా ఉంటే సాగేది అని నేర్పుతాము. లోహపు తీగకు ఇది చాలును. విద్యార్థి మాత్రం భంగబిందువు పదార్థం నుదుట వ్రాసి ఉన్నదనుకొంటాడు. ఆకురాయి గీతకు ఆ పటంలో చోటు లేదు.

సహజమైన పన్ను ఈ పరీక్షలో ఏ పాటిది? ఎనామిల్‌లో బరువు ప్రకారం సుమారు 96 శాతం ఖనిజమే. దాని భంగదృఢత్వం సుమారు 1. గాజుకన్న కొంచెమే మెరుగు. అంకెలు చూసి కొనవలసివస్తే పన్నును ఎవరూ కొనరు. అయినా వెనుకపళ్ళు గట్టిగా కొరికినప్పుడు 500 నుంచి 700 న్యూటన్ల బలాన్ని కూడా ఓర్చుకొంటవి. పెద్దవారి ముందుపంటిమీదికి పక్కనుంచి టార్చి వెలుతురు వేసి చూడండి. నిలువుగా సన్నని గీతలు కనిపిస్తవి. అవి పగుళ్ళే! పన్ను పగులును రాకుండా చేయలేదు, వచ్చినదానిని కట్టడి చేసినది. ఎనామిల్ కడ్డీలు ఒకదానితో ఒకటి పెనవేసుకొని ఉండడం వల్ల పగులు దారి తప్పుతుంది. అడుగున ఉన్న డెంటిన్ మెత్తనిది, కొల్లాజెన్ పోగులు కలది, భంగదృఢత్వం 2 నుంచి 3. రెండూ కలిసే సరిహద్దు దగ్గర పగులు సాధారణంగా ఆగిపోతుంది. కృత్రిమ తొడుగులో ఈ ఏర్పాటు లేదు.

ఇక అసలు చిక్కు. 3 మోల్ శాతం జిర్కోనియా సున్నంలాగా తెల్లగా ఉంటుంది, వెలుతురును పోనీయదు. అందంకోసం ఇట్రియాను 5 మోల్ శాతానికి పెంచినారు. అప్పుడు స్ఫటికాలలో ఘనాకార రూపం పెరిగి వెలుతురు బాగా దూరుతుంది. కాని ఆ రూపం మారదు, ఉబ్బదు, పగులును నొక్కదు. భంగదృఢత్వం 5 నుంచి సగానికి పడిపోతుంది. 1975 నాటి వ్యాసం మెచ్చిన గుణం దాదాపు పోయినది. పేరు మాత్రం జిర్కోనియాయే. ముందుపంటికి అది చాలును. వెనుకపళ్ళ మధ్య కట్టే బ్రిడ్జికి ఆ పేరు చూసి వాడితే పొరపాటు.

దంతపింగాణులకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 6872. నాలుగు, అంతకు మించిన పళ్ళ బ్రిడ్జికి కనీసం 800 మెగాపాస్కల్ వంపుబలం కావాలని అది నిర్ణయించినది. 2015 ముద్రణలో భంగదృఢత్వం తప్పనిసరి అంశం కాదు, అనుబంధంలోని సమాచారం మాత్రమే. కారణం కొంత ఊహించవచ్చును. వంపుబలం కొలవడం సులభం, పదునైన పగులును సృష్టించి కొలవడం కష్టం. వజ్రపుమొనతో నొక్కి, మూలలనుంచి సాగిన పగుళ్ళ పొడవు చూసి లెక్కకట్టే సులభమార్గం చాలాకాలం చెలామణి అయినది. అది నమ్మదగినది కాదని క్విన్, బ్రాట్ 2007లో వివరంగా చూపినారు. కష్టమైనా సరే, అనుబంధంలోని ఆ అంకెను వంపుబలం పక్కన, అదే వరుసలో అచ్చువేయవలెను. దానితోపాటు ఇట్రియా శాతం కూడా.