రూట్ కెనాల్‌పై భయాలు: ఒక వాదాన్ని విమర్శనాత్మకంగా చదవడం

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• రూట్ కెనాల్ చికిత్సపై ఉన్న ప్రధాన ఆరోపణలు ఎక్కడ పుట్టాయో చెప్పగలుగుతారు.
• ఒక వాదంలో ఉన్న నిజాన్ని, ఆ నిజం ఆధారంగా చేసిన తీర్మానాన్ని వేరు చేసి చూడగలుగుతారు.
• ఆరోగ్య విషయాల్లో "దేనితో పోలిస్తే?" అనే ప్రశ్న ఎందుకు ముఖ్యమో వివరించగలుగుతారు.

1. విషయ పరిచయం

పిప్పి పన్ను లోతుగా పాడై నిద్ర పట్టనివ్వనప్పుడు దంతవైద్యుడు సాధారణంగా రెండు దారులు చెబుతాడు. ఒకటి, రూట్ కెనాల్ చేసి పన్నును నిలుపుకోవడం. రెండోది, దాన్ని పీకించుకోవడం. మొదటిదానికి ఖర్చు ఎక్కువ, ఒకటికి రెండుసార్లు వెళ్లవలసి రావచ్చు. రెండోది చవక, కాని పోయిన పన్ను తిరిగి రాదు. ఈ నిర్ణయం తీసుకొనే సమయంలో మూడో మాట ఒకటి చెవిన పడుతోంది: రూట్ కెనాల్ చేసింది చచ్చిన పన్ను, అందులోని క్రిములు గుండెజబ్బు, క్యాన్సర్ వంటివి తెస్తాయి, కాబట్టి దాన్ని తీయించేయాలి అని.

ఈ మాటకు ఇటీవలి కాలంలో ఎక్కువ ప్రచారం తెచ్చింది 'రూట్ కాజ్' అనే డాక్యుమెంటరీ చిత్రం. దంతవైద్య సంఘాలు అభ్యంతరం చెప్పాక 2019లో నెట్‌ఫ్లిక్స్ దాన్ని తొలగించింది. అయితే తొలగించడం వాదానికి సమాధానం కాదు. "నిజం బయటికి రాకుండా తొక్కిపెట్టారు" అని అనుకొనేవారికి అది మరో సాక్ష్యంలా కనిపిస్తుంది. అందువల్ల ఆ వాదంలోని ఒక్కొక్క మెట్టును ఇక్కడ పరీక్షిద్దాం.

2. చికిత్సలో జరిగేది ఏమిటి?

పంటి మధ్యలో రక్తనాళాలు, నరాలు ఉండే మెత్తని గుజ్జు ఉంటుంది. అది సన్నని కాలువల ద్వారా వేరు చివరి దాకా వెళుతుంది. పుచ్చు ఆ గుజ్జును చేరితే వాపు వస్తుంది. కొంతకాలానికి గుజ్జు చనిపోతుంది, వేరు చివర చీము చేరుతుంది. రూట్ కెనాల్‌లో వైద్యుడు పాడైన గుజ్జును తీసివేసి, కాలువలను సన్నని ఫైళ్లతో శుభ్రం చేసి, సోడియం హైపోక్లోరైట్ ద్రావణంతో కడిగి, గట్టా పెర్చా అనే రబ్బరు వంటి పదార్థంతో నింపుతాడు. తరువాత ఫిల్లింగ్, అవసరమైతే క్యాప్ వేస్తాడు.

3. వాదం పుట్టుక

నోటిలోని సూక్ష్మజీవులు ఇతర అవయవాల్లో జబ్బులు తేగలవని డబ్ల్యూ. డి. మిల్లర్ 1891లోనే రాశాడు. 1910లో బ్రిటిష్ వైద్యుడు విలియం హంటర్ మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ప్రసంగిస్తూ, కుళ్లిన వేర్ల మీద బంగారు తొడుగులు వేసే నాటి దంతవైద్యాన్ని తీవ్రంగా విమర్శించాడు. ఆ విమర్శకు ఆధారం లేకపోలేదు. యాంటీబయాటిక్‌లు లేని రోజులవి. పంటి ఎక్స్‌రే ఇంకా కొత్త. పరికరాల శుభ్రత అంతంతమాత్రం.

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో పనిచేసిన దంతవైద్యుడు వెస్టన్ ప్రైస్ దీనికి ప్రయోగాల బలం చేకూర్చాలనుకొన్నాడు. రోగుల నుంచి తీసిన, రూట్ కెనాల్ జరిగిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టాడు. కుందేళ్లు జబ్బుపడ్డాయి. ఆ ఫలితాలను 1923లో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. 1990లలో జార్జ్ మైనిగ్ రాసిన పుస్తకం, ఆ తరువాత 'రూట్ కాజ్' చిత్రం ప్రధానంగా ఈ ప్రయోగాల మీదే ఆధారపడ్డాయి.

ప్రైస్ వేసిన ప్రశ్న న్యాయమైనదే. లోపం పద్ధతిలో ఉంది. నోటి నుంచి పన్నును పీకేటప్పుడే చిగుళ్లలోని సూక్ష్మజీవులు దానికి అంటుకొంటాయి. చిన్న జంతువు శరీరంలోకి వెళ్లిన సూక్ష్మజీవుల మోతాదు చాలా ఎక్కువ. పోల్చి చూడటానికి తగిన నియంత్రిత సమూహాలు లేవు. కాబట్టి కుందేలు జబ్బుపడటానికి కారణం రూట్ కెనాలా, పీకేటప్పుడు అంటిన మురికా అని ఆ ప్రయోగం తేల్చలేదు.

4. సిద్ధాంతం అమలైనప్పుడు

ఈ సిద్ధాంతం పుస్తకాల్లోనే ఉండిపోలేదు. కీళ్లవాతం మొదలుకొని ఎన్నో జబ్బులకు మందుగా పళ్లు, టాన్సిల్స్ తీసేయడం ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో మామూలైపోయింది. న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రెంటన్ మానసిక వైద్యశాల అధిపతి హెన్రీ కాటన్ మతిభ్రమణకు మూలం దాగి ఉన్న ఇన్‌ఫెక్షనే అని నమ్మి, రోగుల పళ్లు పీకించాడు. తగ్గనివారికి పేగుల శస్త్రచికిత్సలూ చేయించాడు. నూటికి 85 మందికి నయమైందని ప్రకటించాడు. 1920లలో ఫిలిస్ గ్రీనేకర్ అనే వైద్యురాలు ఆ రికార్డులను పరిశీలించినప్పుడు అందుకు విరుద్ధమైన చిత్రం కనిపించింది. శస్త్రచికిత్సల వల్ల ఎందరో చనిపోయారు. ఆమె నివేదిక ఆనాడు ప్రచురణకు నోచుకోలేదు.

కీళ్లవాతం విషయంలో సెసిల్, ఆంజెవైన్ 1938లో 200 మంది రోగుల వివరాలు పరిశీలించి, పళ్లు, టాన్సిల్స్ తీసినందువల్ల చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదని తేల్చారు. 1940లో రైమాన్, హేవెన్స్ చేసిన సమీక్ష తరువాత ఈ సిద్ధాంతం పలుకుబడి మరింత తగ్గింది. అంటే దాన్ని ఎవరూ పరీక్షించకుండా దాచిపెట్టలేదు. దశాబ్దాలపాటు అమలు చేసి, ఫలితాలు చూసి పక్కన పెట్టారు.

5. వాదంలోని నిజం

రూట్ కెనాల్ చేసిన పంటిలో ఒక్క సూక్ష్మజీవి కూడా మిగలదని చెప్పలేం. డెంటిన్ పొరలో చదరపు మిల్లీమీటరుకు వేల సంఖ్యలో అతి సన్నని నాళికలు ఉంటాయి. వాటిలో కొన్ని సూక్ష్మజీవులు మిగలవచ్చు. ప్రత్యర్థులు చెప్పే ఈ విషయం సరైనదే.

ఇక్కడే "దేనితో పోలిస్తే?" అని అడగాలి. మన నోరు ఎప్పుడూ సూక్ష్మజీవుల నిలయమే. 'సర్క్యులేషన్' పత్రికలో 2008లో వచ్చిన ఒక అధ్యయనంలో పళ్లు తోముకొన్నవారిలో 23 శాతం మంది రక్తంలో సూక్ష్మజీవులు కనిపించాయి. యాంటీబయాటిక్ లేకుండా పన్ను తీయించుకొన్నవారిలో అది 60 శాతం. సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్లడమే అపాయమైతే, పన్ను పీకించుకోవడం ఆ అపాయానికి మందు కాజాలదు. ఆరోగ్యవంతులలో శరీరం వాటిని త్వరగా తొలగిస్తుంది. కృత్రిమ గుండె కవాటం ఉన్నవారి వంటి కొద్దిమందికి మాత్రం దంతచికిత్సకు ముందు యాంటీబయాటిక్ అవసరం. వారు ఆ సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

6. క్యాన్సర్ లెక్క

రొమ్ము క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో నూటికి తొంభైమందికి పైగా అదే వైపు రూట్ కెనాల్ పన్ను ఉందని ఈ వాదులు చెబుతారు. ఒక ఊహాజనిత లెక్క వేద్దాం. క్యాన్సర్ వచ్చిన 100 మందికీ ఒక్కొక్క రూట్ కెనాల్ పన్ను ఉందనుకొందాం. ఏ సంబంధమూ లేకపోయినా దాదాపు 50 మందికి అది క్యాన్సర్ ఉన్న వైపే ఉంటుంది. రెండు వైపులా రూట్ కెనాల్ ఉంటే 100 మందికీ "అదే వైపు" కిందికి వస్తుంది. కాబట్టి శాతం వినగానే మూడు విషయాలు అడగాలి: ఎవరిని లెక్కించారు? క్యాన్సర్ లేనివారిని కూడా లెక్కించారా? రూట్ కెనాల్ లేని రోగులు లెక్కలోకి వచ్చారా?

ఈ నియమం రెండు పక్షాలకూ వర్తిస్తుంది. ఎక్కువ పళ్లకు రూట్ కెనాల్ జరిగినవారిలో తల, మెడ క్యాన్సర్లు తక్కువగా కనిపించాయని 2013లో ఒక అధ్యయనం వచ్చింది. సమర్థకులు దాన్ని ఉత్సాహంగా చూపుతారు. అది కూడా సహసంబంధమే. రూట్ కెనాల్ చేయించుకొంటే క్యాన్సర్ రాదని దాని అర్థం కాదు.

7. ప్రత్యామ్నాయాలు, అసలైన ఆందోళనలు

లవంగ నూనెలోని యూజినాల్ నొప్పిని తగ్గిస్తుంది. కాని కాలువలోని ఇన్‌ఫెక్షన్‌ను తీసివేయదు. నూనె పుక్కిలించడం కూడా అంతే. గుజ్జు చనిపోయినప్పుడు నొప్పి దానంతటదే ఆగవచ్చు. అప్పుడు వాడుతున్న మందుకు ఆ పేరు దక్కుతుంది, చీము మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. కింది దవడ నుంచి అది గొంతు వైపు పాకితే ప్రాణాపాయం.

మన ఊళ్లలో దీనికి ఎదురు భయం ఒకటి ఉంది: పై పన్ను తీయిస్తే చూపు పోతుందని. పళ్లకు, చూపుకు వేర్వేరు నరాలు ఉన్నాయి కాబట్టి దానికీ ఆధారం లేదు. ఒక భయం పీకించమంటుంది, మరొకటి వద్దంటుంది. రెండూ పన్నును పరీక్షించకుండానే తీర్పు చెబుతాయి.

పన్ను తీయించుకోవడం కూడా సరైన చికిత్సే. వేరు నిలువునా పగిలినా, పంటి మిగులు చాలకపోయినా అదే మార్గం. అయితే ఖాళీ అలాగే వదిలితే పక్క పళ్లు ఒరుగుతాయి. ఇంప్లాంట్ వేయించుకొన్నా దాని చుట్టూ ఇన్‌ఫెక్షన్ రావచ్చు. గుజ్జు పూర్తిగా పాడుకానప్పుడు కొన్ని సందర్భాల్లో పైభాగం మాత్రమే తీసి మిగతాదాన్ని కాపాడవచ్చు.

రూట్ కెనాల్‌కు నిజమైన లోపాలూ ఉన్నాయి. పై దవడ మొదటి పెద్ద పంటిలోని నాలుగో కాలువ తరచు కంటికి చిక్కదు. ఫైలు లోపల విరగవచ్చు. ఫార్మాల్డిహైడ్ విడుదల చేసే పేస్టులు వేరు దాటి వెళ్లి నరాన్ని దెబ్బతీసిన సందర్భాలున్నాయి. ఆ పేస్టుల మీద వచ్చిన విమర్శ సరైనది. ఒక నిర్దిష్ట పదార్థం, దాని వల్ల జరిగే నిర్దిష్ట హాని, ఆ హాని జరిగే తీరు అందులో స్పష్టంగా ఉన్నాయి. మంచి విమర్శ స్వరూపం అలా ఉంటుంది.

8. సారాంశం

"సూక్ష్మజీవులు మిగలవచ్చు" అన్నది నిజం. "కాబట్టి అలాంటి పళ్లన్నీ పీకించాలి" అన్నది ఆ నిజం మోయలేని తీర్మానం. ఆ తీర్మానాన్ని ఒకసారి అమలు చేసినప్పుడు ఎందరో అకారణంగా పళ్లు పోగొట్టుకొన్నారు. రోగిగా మీరు అడగవలసినవి వేరు: ఈ పన్ను నిలుస్తుందా? కాలువలన్నీ దొరికాయా? రబ్బర్ డ్యామ్ వాడతారా? ఏ పదార్థంతో నింపుతారు? తీయించుకొంటే ఆ ఖాళీని ఎలా భర్తీ చేస్తారు? ఈ ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పే వైద్యుని వద్ద తీసుకొన్న నిర్ణయం, అది ఏదైనా, భయంతో తీసుకొన్నదానికన్నా మేలు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. వెస్టన్ ప్రైస్ ప్రయోగాల్లోని లోపాలను వివరించండి.
2. సహసంబంధానికి, కారణ సంబంధానికి మధ్య తేడాను ఈ పాఠ్యభాగంలోని రెండు ఉదాహరణలతో రాయండి.
3. మీ ప్రాంతంలో ప్రచారంలో ఉన్న ఒక ఆరోగ్య విశ్వాసాన్ని తీసుకొని, అందులోని నిజమెంతో, తీర్మానం ఏమిటో వేరు చేసి చూపండి.