తూకంలో తేలే సన్నదనం

అతి సన్నని వస్తువు మందం కొలవాలంటే దాన్ని ఏదో పరికరం దవడల మధ్య బిగించి చూడాలని సాధారణంగా అనుకుంటారు గాని, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ ప్రాంతాల మల్బరీ తోటల మీద ఆధారపడి పెరిగిన పట్టుగూడు హిందూపురం మార్కెట్టుకు చేరి, దారమై ధర్మవరం మగ్గమెక్కే దాకా సాగే వృత్తిలో సన్నదనాన్ని తేల్చేది తక్కెడే.

ఇందుకు కారణం పట్టు స్వభావంలోనే ఉంది. పురుగు ఒకేసారి రెండు పోగులను వెలువరించి, సెరిసిన్ అనే జిగురుతో వాటిని అతికిస్తుంది. ఒక్కో పోగు మందం రమారమి 10 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో నూరో వంతు; బడి ప్రయోగశాలలోని స్క్రూగేజీ చూపగల కనీసపు కొలత కూడా అంతే. పైగా పోగు అడ్డుకోత గుండ్రంగా కాక ఇంచుమించు త్రిభుజాకారంలో ఉండటం, దవడల నడుమ అది నలిగిపోవడం వల్ల ఆ అంకెను నమ్మడానికి లేదు.

అందువల్ల పుట్టిన కొలమానం డెనియర్: 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 1.125 మీటర్ల చుట్టుకొలత గల రాట్నం మీద 400 చుట్లు తిప్పితే 450 మీటర్ల చిలప వస్తుంది. అది ఒక గ్రాము తూగితే దారం 20 డెనియర్లు. పట్టు సాంద్రత ఘనసెంటీమీటరుకు సుమారు 1.35 గ్రాములు కనుక, దారాన్ని గుండ్రనిదిగా భావిస్తే దాని మందం 46 మైక్రాన్లకు దగ్గరగా వస్తుంది. చేతికందని అడ్డుకొలతను చేతికందే పొడవుగా, బరువుగా మార్చుకోవడమే ఇందులోని కిటుకు.

గూటిలోని పోగు లోపలికి పోయేకొద్దీ సన్నబడుతుంది గనుక, ఎనిమిది పది గూళ్ల పోగులను కలిపి దారం తీసే రీలరు, ఒకటి పలచబడగానే కొత్త గూడు కొసను అందించి మందాన్ని నిలబెట్టాలి; ముడిపట్టును 20/22 డెనియర్లని రెండు హద్దుల మధ్య చెప్పడంలోని అర్థమిదే. అయితే పట్టు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకే ఎండబెట్టిన బరువుకు 11 శాతం కలిపి లెక్కగట్టడం వాణిజ్య ప్రమాణమైంది; అది పాటించకపోతే వానాకాలంలో తూచిన దారం ఉన్నదానికంటే లావుగా తేలుతుంది. కొలత ఎంత సూక్ష్మమో, కొలిచిన పరిస్థితిని అంత స్పష్టంగా చెప్పాలి. తేమ సంగతి చెప్పని డెనియర్ అంకె సగం కొలతే.