పందెపు కార్లు - వానిని బ్రతికించిన చేతులు

విజయవాడనుండి చెన్నపట్నమునకు పోవు పెద్దరోడ్డు నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట, తడ దాటి, గుమ్మిడిపూండిని వెనుకవైచి, నగరము ఇంక కొలదిదూరమున నున్నదనగా షోలవరమను గ్రామము ప్రక్కగా సాగును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున విమానములు దిగుటకై అచ్చట పఱచిన పట్టీ, యుద్ధము ముగిసినపిదప పనిలేక పడియుండగా, 1953లో ఏర్పడిన మద్రాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్బువారు దానిని మోటారు పందెములకు రంగస్థలము గావించిరి. మూడు దశాబ్దములకు పైగా దక్షిణదేశమున కారు పందెమన్న షోలవరమే. మన డెల్టా బియ్యపు లారీలును, నూజివీడు మామిడికాయల లారీలును ఆ ఊరిమీదుగానే రాత్రింబవళ్ళు పోవుచుండినను, ఆ పట్టీమీద జరిగిన విద్యను గూర్చి మన తెలుగు పత్రికలలో వ్రాసినవారు మిక్కిలి అరుదు. గుఱ్ఱపు పందెముల ముచ్చట్లకును, కోడిపందెముల కోలాహలమునకును పుటలు పుటలు కేటాయించిన మనము, లోహమునకు ప్రాణముపోసి పరుగెత్తించిన ఈ కళాకారులను విస్మరించుట న్యాయము కాదు.

కళ యనియే అందును. పాతకాలపు పందెపు కారు విలువ దానిని కొన్న ధనమునందు లేదు. దానిని నడచునట్లు నిలిపియుంచిన చేతియందున్నది. ఈ మాట విదేశములయందు కొంతవఱకే చెల్లునేమో గాని, మన దేశమున సంపూర్ణముగా చెల్లును. ఏలయన, స్వాతంత్ర్యానంతరము దిగుమతులపై ఆంక్షలు బిగిసిన ఆ దశాబ్దములలో, పిస్టను పగిలినచో సీమనుండి తెప్పించుకొనుట సామాన్యులకు సాధ్యమగు పని గాకపోయెను. ఉన్నదానిని సరిచేయవలెను, లేనిదానిని లేతుమీద తీయవలెను, రెండును చేతగానివాడు కారును కొట్టములో నిలిపి కప్పు వేసికొనవలెను. కావుననే మన దేశపు పందెపు కార్ల చరిత్ర సగము యజమానులది, సగము మేస్త్రీలది. ఆ రెండు సగములు ఒకే మనిషియందు కలిసినప్పుడే అద్భుతములు జరిగినవి.

యజమానులలో వింతపురుషులకు కొదువలేదు. తొలిరోజులలో దొరలు విడిచిపోయిన ఎం.జి.లు, జాగ్వార్లు సంస్థానాధీశుల చేతులకును, తోటల యజమానుల చేతులకును వచ్చినవి. గోండల్ మహారాజకుమారుడు రాచఱికపు హోదాను ప్రక్కకు నెట్టి, హెల్మెట్టు ధరించి, ఒంటిసీటు బండిలో కూర్చుండి, మామూలు మనుష్యులతో సమానముగా గీతవద్ద నిలిచెడివాడు. కలకత్తానుండి కిన్నీ లాల్ దేశము ఆ కొననుండి ఈ కొనకు కారును తెచ్చి, మన దక్షిణాదివారికి వేగమననేమో చూపిపోయెడివాడు. తరువాతి కాలమున బెంగుళూరు మద్యవ్యాపారి విజయ్ మాల్యా ఎన్సైన్ అను ఫార్ములా వన్ కారునే తెప్పించి షోలవరమున నడపెను. వేలాది ప్రేక్షకులు గడ్డిమోపుల వెనుక నిలువబడి చూచిన ఆ దృశ్యము మనోహరమే, దానిని కాదనను. కాని నా పక్షపాతమును దాచుకొనను. చెక్కు వ్రాసి తెప్పించిన వేగముకంటె, చెమటోడ్చి పుట్టించిన వేగమునే నేను మెచ్చుకొందును; అట్టి వేగమును పుట్టించినవాడు కోయంబత్తూరు తెలుగుబిడ్డ కరివర్ధన్.

శతాబ్దముల క్రితము తమిళదేశమునకు వలసపోయిన మన నాయుళ్ళ కుటుంబములు కోయంబత్తూరున నూలుమిల్లులు స్థాపించి ఆ నగరమును యంత్రపరిశ్రమకు పుట్టినిల్లు గావించినవి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కార్ఖానాలో యంత్రభాష! ఆ వంశవృక్షమున మొదటి కొమ్మ జి. డి. నాయుడుగారు. 1893లో కలంగల్ గ్రామమున జన్మించిన ఈ రైతుబిడ్డ, ఒక దొర మోటారుసైకిలును చూచి మనసుపడి, హోటలులో కొలువుచేసి కూడబెట్టిన సొమ్ముతో దానిని కొని, మొదట చేసినపని దానిని పూర్తిగా విప్పి మరల బిగించుట! 1920లో ఒక్క బస్సుతో సంచారసేవ ఆరంభించి, దానిని బస్సుల సముదాయముగా పెంచి, 1937లో దేశవాళీ విద్యున్మోటారు నిర్మాణమునకు కారకుడై, 1974లో పరమపదించెను. ఆయన పందెగాడు కాడు. కాని యజమాని యనువాడు విప్పి చూడవలెనను దీక్షను ఆ నగరమునకు నేర్పినవాడు ఆయనయే.

ఆ దీక్షను పందెపుబాటకు మరల్చినవాడు కరివర్ధన్. మిల్లుల కుటుంబమున జన్మించి, హాయిగా విలాసజీవితము గడుపదగిన ఈ పురుషుడు స్వయముగా పందెములాడెను, స్వయముగా కార్లు రూపొందించెను, తన కార్లను పిల్లలచేతికిచ్చి నడపుట నేర్పెను. ఆయన 1988 ప్రాంతమున అవతరింపజేసిన ఫార్ములా మారుతిని గూర్చి ఎంత చెప్పినను తనివితీరదు. మారుతి 800 కారు ఆనాడు మధ్యతరగతి గృహస్థుని స్వప్నము, 796 సి.సి.ల మూడు సిలిండర్ల చిన్న ఇంజను, గేరుపెట్టెతో కలిసి అడ్డముగా ముందుభాగమున కూర్చుండి, ముందుచక్రములను త్రిప్పును. ఈ మహానుభావుడు ఆ ఇంజనును, గేరుపెట్టెను జంటగా ఎత్తి, ఇనుపగొట్టములతో అల్లిన చట్రమున చోదకుని వీపువెనుక అమర్చెను. అంతట ముందుచక్రములకు చేరవలసిన శక్తి వెనుకచక్రములకు చేరెను, బజారులో దొరకు విడిభాగములతోనే అచ్చమైన ఒంటిసీటు పందెపు కారు సిద్ధమయ్యెను! పైన ఫైబరు తొడుగు, క్రింద తేలికచట్రము, ప్రక్కవీధి కొట్టులో దొరకు క్లచ్చుపళ్ళెము. కొత్త గేరుపెట్టెకై పరదేశమును యాచింపనక్కఱలేదు, కోటీశ్వరుడు కానక్కఱలేదు. ఎంత నిరాడంబరమైన ఆలోచన, ఎంతటి ప్రతిభ!

ఈ చిన్నబండ్లనుండియే ఎందఱో యువకులు బయలుదేరిరి. దక్షిణ భారత ర్యాలీని ఏడుసారులు గెలిచిన జి. ఆర్. కార్తికేయన్ కుమారుడు నరేన్ కార్తికేయన్ తన మొదటి పందెమును శ్రీపెరుంబుదూరు పందెపుబాటమీద ఫార్ములా మారుతిలోనే నడపి, మొదటి ముగ్గురిలో నిలిచెను. ఆ కుఱ్ఱవాడే 2005లో మెల్‌బోర్నున జోర్డన్ జట్టు కారెక్కి, ఫార్ములా వన్ పందెమాడిన తొలి భారతీయుడయ్యెను. కరివర్ధన్ దానిని చూడలేదు. 1995లో విమానప్రమాదమున ఆయన అకాలమరణము పొందెను. కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున 2003లో తెఱచిన పందెపు బాటకు ఆయన పేరు పెట్టిరి. మంచిపని చేసిరి; కాని తెలుగునాట ఆయన పేరెఱిగినవారిని వేళ్ళపై లెక్కింపవచ్చును, అందులకే నాకు బాధ.

ఇక పనితనమును గూర్చి చెప్పెదను, ఏలయన ఈ విద్య మహిమ అచ్చటనే యున్నది. 1945కును 1949కును నడుమ తయారైన ఎం.జి. టి.సి. అను రెండుసీట్ల కారును తీసికొనుడు. దాని 1250 సి.సి. ఇంజనుకు రెండు ఎస్.యు. కార్బురేటర్లు. ఆ రెండును సమానముగా గాలి పీల్చినప్పుడే ఇంజను ఏకకంఠముతో పాడును. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పీల్చినచో కుంటును. నిపుణుడు చిన్న రబ్బరుగొట్టమొకటి తీసికొని, ఒక కొనను చెవిలో నుంచుకొని, రెండవ కొనను మొదట ఈ కార్బురేటరు నోటివద్ద, పిదప ఆ కార్బురేటరు నోటివద్ద పట్టి, లోనికి పోవు గాలి బుసను వినును. వింటు వింటు స్క్రూను వెండ్రుకవాసి త్రిప్పును. రెండు బుసలు ఒక్క శ్రుతిలో కలిసిన క్షణమున చేయి తీసివేయును. వీణకు తంత్రులు సవరించు వైణికునికిని, ఇతనికిని భేద మేమున్నది? పిదప కారును వేగముగా నడిపించి, ఒక్కసారి ఇంజను ఆపి, ప్లగ్గు విప్పి దాని ముఖమును చూచును. నల్లని మసి పట్టినచో పెట్రోలు అధికము, తెల్లబాఱినచో గాలి అధికము, లేత గోధుమవర్ణమున నున్నచో సరిపోయినట్లు. మీటర్లు లేవు, కంప్యూటర్లు లేవు. చెవి, కన్ను, వ్రేలు.

అదే రీతిగా హెడ్డు దించి, దాని అడుగుభాగమును సన్నగా చెక్కించి, ఇంజనులోని ఒత్తిడిని పెంచు పని. ఎక్కువ చెక్కినచో మన నాసిరకపు పెట్రోలునకు ఇంజను టకటక కొట్టుకొని పిస్టనులు కరగిపోవును. తక్కువ చెక్కినచో శ్రమ వృథా. ఆ నడిమి గీత ఎక్కడనున్నదో గ్రంథములు చెప్పవు. మన ఫియట్ 1100 కారును పందెమునకు దింపినవారు దాని స్టీరింగు ప్రక్కనున్న గేరుకఱ్ఱను తీసివేసి నేలకు మార్చిరి. స్టాండర్డ్ హెరాల్డుకు చట్రము వేరు, పైకట్టు వేరు గావున పైకట్టును విప్పివైచి తమ కిష్టమైన తొడుగును తగిలించిరి. హెరాల్డు అభిమానులు కోపింతురేమో గాని, మలుపులయందు వెనుకచక్రములు లోనికి ముడుచుకొనిపోవు ఆ బండికంటె, పట్టుదలతో నేలను కఱచిపట్టుకొను ఫియటే నా దృష్టిలో ఉత్తమము. 1930కి పూర్వపు కార్లకైతే ఇంజను బేరింగులనే కరిగించి పోయవలెను: తెల్లలోహమును మూసలో కరిగించి పోసి, చల్లారినపిదప క్రాంకుషాఫ్టుకు నీలిరంగు పూసి త్రిప్పి, రంగంటిన మిట్టలను గీకుడుకత్తితో గీకి, మరల పూసి, మరల గీకి, రంగు అంతటను సమానముగా పరచుకొనువఱకు వదలరాదు. రోజులు పట్టును. తొందరపడువాడు ఈ విద్యకు పనికిరాడు.

ఈ విద్య మన ఊరికి పరాయిది గాదు. 1966లో వెలసిన విజయవాడ జవహర్ ఆటోనగరునందు నేను చూచిన పనివారిని తలంచుకొన్నచో హృదయము పొంగును. ఎం.జి. టి.సి. పైకట్టు కొయ్యచట్రముపై రేకు తొడిగి చేసినది. లారీలకు టేకుదూలములు కోసి, గుంజలు నిలిపి, రేకు తొడుగు మన బాడీ బిల్డింగు మేస్త్రీలు తరతరములుగా చేయునది సరిగా అదే పని. ఒక వృద్ధ టింకరుమేస్త్రీ, పాతకారు మడ్‌గార్డునకై అల్యూమినియపు రేకును తీర్చిదిద్దుచుండగా దగ్గఱ నిలిచి చూచితిని. మొదట రేకుమీద ఉతుకుసబ్బును రుద్దెను. క్రిందినుండి గ్యాసుమంటను మెల్లగా పారాడించెను. సబ్బుపూత గోధుమరంగునుండి నలుపునకు తిరిగినంతనే మంట తీసివైచెను. ఏల యని అడుగగా, "సబ్బు నల్లబడిందంటే రేకు మెత్తబడిందని బాబూ, ఇంకొక్క నిమిషం ఉంచితే జారి కిందపడుద్ది" అనెను. పిమ్మట ఇసుక నింపిన తోలుసంచిపై ఆ రేకునుంచి కొయ్యసుత్తితో అంచునుండి నడిమికి, నడిమినుండి అంచునకు దెబ్బలు వేయుచు, మాటిమాటికి కన్నులు మూసికొని అఱచేతితో నిమిరి చూచెను. కంటికి కనబడని సొట్ట చేతికి తగులునట. సాయంకాలమునకు చదునైన రేకు, కెరటమువలె లేచి ఒదిగిన మడ్‌గార్డయ్యెను. ఎక్కడను పుట్టీ లేదు, అతుకు లేదు. ఇట్టివాని చేతులను కరివర్ధన్ చూచియున్నచో వదలియుండెడివాడా?

మఱి నేడేమి జరుగుచున్నది? ఆ మేస్త్రీవద్ద శిష్యులు లేరు. సొట్టపడిన రేకును సరిచేయుటకు మాఱు మొత్తము భాగమునే మార్చివేయుట షోరూముల ధర్మమైనది. మార్చుటకు ఓపికలేనివాడు సొట్టలో గుప్పెడు పుట్టీ కూరి రంగుకొట్టి పంపుచున్నాడు. అంతకంటె దుస్సహమైనది పెండ్లి ఊరేగింపులలోని వింటేజి కార్ల వేషము. ముసలి జీపు చట్రముపై ఫైబరు డొప్ప తగిలించి, ప్లాస్టిక్కు దీపములకు ఇత్తడిరంగు పూసి, ఎక్కడను బిగియని ఊచలచక్రములను పైకి అతికించి, దానిని "పాతకాలపు రాజుగారి కారు" అని అద్దెకు త్రిప్పుచున్నారు. బందరురోడ్డుమీద వరుడు అందులో కూర్చుండి పోవుచుండగా ప్రజలు దానినే నిజమని ఫొటోలు తీసికొనుచున్నారు. తలుపు తట్టి చూడుడు, డబ్బామ్రోత మ్రోగును; ఆ డొప్పక్రింద పనితనమను పదార్థము ఆవగింజంతయు లేదు. ఒక అచ్చమైన కారును నిలబెట్టుటకు జీవితము ధారపోసినవాని కన్నులముందు ఈ నకిలీ సరకు గౌరవము పొందుట ఎంతటి అన్యాయము! ఆ డొప్పలు పోయుటకు ఖర్చుచేయు ధనములో సగమైనను ఆ ముసలిమేస్త్రీకి ముట్టజెప్పినచో, డెల్టాలోని ఎన్ని నిజమైన బండ్లు లేచి నడచియుండెడివి!

ఏలయన బండ్లు ఉన్నవి. పాత జమీందారీ లోగిళ్ళ వెనుక, మూతపడిన రైసుమిల్లుల గోదాములలో, గడ్డివాముల ప్రక్కన ఉప్పుగాలికి త్రుప్పుపట్టుచు ఉన్నవి. కేంద్ర ప్రభుత్వము 2021లో ఏబది యేండ్లు నిండిన వాహనములకు వింటేజి నమోదు నియమములను చేసి, "వి.ఎ." అను ప్రత్యేకపు వరుసలో నంబర్లిచ్చు ఏర్పాటు చేసినది, అట్టి వాహనమును ప్రదర్శనమునకును, ర్యాలీకిని రోడ్డుమీదికి తేవచ్చును. కొత్తగా నమోదు చేయించుటకు రుసుము 20,000 రూపాయలు. పెండ్లికారు రెండు మూడు ఊరేగింపుల అద్దెకు మించని సొమ్ము!

కనుక ఇట్టి బండి గల డెల్టా గృహస్థులకు నా విన్నపము. పాత ఇనుము కొను తూకమువాడు గుమ్మములో నిలిచినప్పుడు వెంటనే సరే యనకుడు. మొదట ఇంజను నంబరు, ఛాసి నంబరు గల రేకును తుడిచి, సంఖ్యలను కాగితముపై వ్రాసికొని, పాత ఆర్.సి. పుస్తకముతో కలిపి భద్రపఱచుడు. ఆ రేకు పోయినచో కారునకు పుట్టుకయే పోయినట్లు. ప్లగ్గులు విప్పి ఒక్కొక్క రంధ్రమున కొంచెము ఇంజను నూనె పోసి కొన్నిదినములు నానబెట్టుడు; పిస్టను పట్టుకొనిపోయినదని సెల్ఫు కొట్టకుడు, బలవంతముగా తోయకుడు, చేతితో మెల్లగా కదలించి చూడుడు. ట్యాంకులోని కుళ్ళిన పెట్రోలును దించివేయుడు. కొయ్యచట్రము చెదతిన్నదని పాఱవేయకుడు, క్రొత్తకొయ్య కోయుటకు ఆ పాతకొయ్యయే కొలత. పిదప ఆటోనగరమునకు వెళ్ళి, పుట్టీ డబ్బా కనబడని కొట్టుముందు ఆగుడు.