ఒక్క చెంపదెబ్బేగా!

"ఒక్క చెంపదెబ్బేగా! దానికింత రాద్ధాంతమా?" - హిందీ చిత్రం 'థప్పడ్' చూసి మా అత్తగారన్న మొదటి మాట ఇది. ఊరుకోలేక, "మరి ఎన్నో దెబ్బనుంచి లెక్క పెట్టాలత్తయ్యా?" అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు. కాసేపయ్యాక కాఫీ పెట్టమన్నారు.

అనుభవ్ సిన్హా తీసిన ఈ చిత్రం 2020 ఫిబ్రవరి 28న విడుదలైంది. నెల తిరక్కుండానే కరోనాతో దేశమంతా తలుపులు మూసుకుంది. మా ఆదిభట్లలో టీసీఎస్ ఆఫీసు కాస్తా ఇళ్ళల్లోకి వచ్చేసింది. అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారయ్యే ఊరండీ మాది! అయినా ఆ రోజుల్లో పుట్టింటికి పోదామంటే ఇబ్రహీంపట్నం దాకా బస్సు లేదు. అలాంటప్పుడు చూశానేమో, చిత్రం ఎంత నచ్చిందో అంత గుచ్చుకుంది కూడా.

నచ్చింది ముందు చెబుతాను. అమృత (తాప్సీ) పొద్దున్నే పాలూ పేపరూ తీసుకుని, టీ పెట్టి, అత్తగారికి షుగరు చూసి, టిఫిను పట్టుకుని భర్త వెంట కారుదాకా పరుగెత్తే ఇల్లాలు. ఇంట్లో విందు జరుగుతుండగా, ఉద్యోగం గొడవలో రెచ్చిపోయిన భర్త తనను ఆపబోయిన ఆమెను అందరిముందూ కొడతాడు. తెల్లారితే మళ్ళీ ఇల్లూ పనులూ! చేతులు కదులుతుంటాయి, మనిషి మాత్రం అక్కడుండదు. "మనసు బాగాలేదు" అని మనలో ఎవరు చెబుతారు? తలనొప్పంటాం, నిద్ర పట్టటంలేదంటాం, కాదంటే గ్యాసంటాం. ఆ చెప్పుకోలేనిదాన్ని పెద్దపెద్ద ఏడుపుల్లేకుండా చూపించాడు దర్శకుడు.

అయితే అమృతకి పుట్టిల్లుంది, అండగా నిలిచే తండ్రి ఉన్నాడు, మంచి లాయరుంది. ఇవేవీ లేనిది ఆ ఇంటి పనిమనిషి సునీత. మొగుడిచేత రోజూ తన్నులు తినేది ఆమే. చివర్లో ఆమెచేత తిరిగి కొట్టించి మనచేత చప్పట్లు కొట్టిస్తారు. బాగానే ఉంది. "ఆ తర్వాత వాడు ఊరుకుంటాడుటే?" అన్నారు మా అత్తగారు. నాకు తట్టని విమర్శ అది, ఒప్పుకోవాలి.

2020లో జాతీయ మహిళా కమిషన్‌కి వచ్చిన గృహహింస ఫిర్యాదులు 5,297. అంతకు ముందేడు 2,960. ఇవి చెప్పుకోగలిగినవాళ్ళవి. రెండు గదుల ఇంట్లో మొగుడు ఎదురుగా కూచునుంటే 181కి ఫోను చేసేదెలా? కుళాయి తిప్పి, స్నానాలగదిలోంచి గుసగుసలాడాలి. అందుకే కాబోలు కమిషన్ ఆ ఏప్రిల్‌లో వాట్సాప్ నంబరు కూడా పెట్టింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ ఆయన జేబులో ఉంటే?

అత్తగారి మొదటి మాటకి ఆవిణ్ణొక్కరినే అనలేను లెండి. కరోనాకి ముందు, 2019లో కుటుంబ ఆరోగ్య సర్వేవాళ్ళు మన తెలంగాణలో అడిగితే, ఏదో ఒక కారణానికి మొగుడు కొట్టటం సబబేనన్న ఆడవాళ్ళు నూటికి 83 మందికి పైనే!

సునీత కథ ఎవరైనా పూర్తిగా తీస్తే, అత్తగారి టిక్కెట్టు నేనే కొంటాను.