పదును చూసేవాడు

మట్టి ట్రాక్ మీద రేసు సాయంత్రం మొదలవుతుందని టికెట్ మీద అచ్చేస్తారు గానీ, నన్నడిగితే అది అంతకు చాలా ముందే, నీళ్ల ట్యాంకర్‌తో మొదలవుతుంది.

ఓహాయో రాష్ట్రంలో రాస్‌బర్గ్ అనే చిన్న ఊరి దగ్గర, చేల మధ్య, ఎల్డోరా స్పీడ్‌వే ఉంది. చుట్టు అర మైలు. డాన్సు హాలు నడుపుకునే ఎర్ల్ బాల్టెస్ అనే బ్యాండు నాయకుడు 1954లో ఆ హాలు పక్కనే దీన్ని కట్టాడు. 2004లో రేసు డ్రైవర్ టోనీ స్టువర్ట్ కొన్నాడు. డేటన్ నుంచి గంట దారి. నేను అక్కడికి వెళ్తున్నానంటే ఇక్కడి మన తెలుగు మిత్రులు "అక్కడేముంది, దుమ్ము తప్ప" అంటారు. దుమ్ము లేవకుండా చూడటమే అక్కడి అసలు విద్య అని చెబితే నవ్వేస్తారు.

స్టువర్ట్ ఇండియానాలో పుట్టి, చిన్నతనంలోనే గో-కార్ట్ ఎక్కినవాడు. 1995లో యూసాక్ అనే రేసింగ్ సంస్థ ఇచ్చే మిడ్జెట్, స్ప్రింట్, సిల్వర్ క్రౌన్ టైటిళ్లు మూడూ ఒకే ఏడాది గెలిచాడు. అంతకుముందు అది ఎవరి వల్లా కాలేదు. తర్వాత నాస్కార్ రేసుల్లో అన్నిటికన్నా పెద్దదైన కప్ టైటిల్ మూడుసార్లు: 2002, 2005, 2011. ఇంత పేరున్నవాడు ట్రాక్ కొన్నాక అద్దాల గదిలో కూర్చుని రేసు చూడొచ్చు. కానీ గ్రేడర్ ఎక్కి మట్టి సవరించే యజమానిగా అతనికి పేరు. రేసులు పూర్తిగా మానేశాడని అనను, డ్రాగ్ రేసింగ్‌లో ఇంకా ఉన్నాడు. ఎల్డోరాలో పనంతా అతని చేతి మీదుగానే జరుగుతుందనీ అనను, దానికి సిబ్బంది ఉన్నారు. అయినా జీవితమంతా స్టీరింగ్ పట్టిన మనిషికి ఆ పని మీద మనసెందుకు పోయిందన్నదే నాకు ఆసక్తి.

పని మామూలుది కాదు. ముందు నేలను గుల్ల చేసి నీళ్లు పెట్టాలి. పైపైన తడిపితే చాలదు, తడి లోపలికి దిగాలి. తర్వాత రోలర్‌తో అదిమి, గ్రేడర్‌తో వాలు సరిచేసి, చివరికి బండ్ల టైర్లతోనే తొక్కించి పైపొర బిగించాలి. తడి ఎక్కువైతే గుంతలు పడి కార్లు పల్టీ కొడతాయి. తక్కువైతే మొదటి రేసుకే దుమ్ము లేస్తుంది. ఇక గాలి ఎటు వీస్తోంది, మబ్బు ఉందా, పొద్దు ఏ మలుపు మీద ఎక్కువసేపు ఉంటుంది అన్నవన్నీ చూసుకోవాలి. ఇందుకు మీటర్లు లేవని కాదు. కానీ మన మెట్ట రైతు దుక్కికి ముందు గుప్పెడు మట్టి పిసికి చూసినట్టే, ట్రాక్ మనిషి బూటు మడమతో నేల నొక్కి చూస్తాడు.

అంత చేసినా ఆ నేల రెండు గంటలు ఒక్కలా ఉండదు. ఫైనల్‌కు ముందు జరిగే చిన్న రేసుల్లో, అంటే హీట్లలో, మొదటివాటప్పుడు తడిగా, పట్టుగా ఉంటుంది. కార్లు తిరిగేకొద్దీ లోపలి అంచు ఆరి, నునుపెక్కి, నల్లగా మెరుస్తుంది. రేగిన మట్టి బయటి అంచున గట్టులా పేరుకుంటుంది. దాన్ని కుషన్ అంటారు. ధైర్యమున్న డ్రైవర్ కుడి వెనక చక్రాన్ని దానికి ఆనించి మలుపు తిరుగుతాడు. లోపలి దారి దగ్గర, కానీ జారుడు. బయటి దారి దూరం, కానీ వేగం. రాత్రి ఫైనల్ నాటికి ఈ రెండు దారులూ పోటాపోటీగా మిగిలి ఉంటే ట్రాక్ బాగా చేసినట్టు. ఒకే దారి మిగిలిందా, కార్లు వరసగా ఊరేగింపు వెళ్తాయి.

రేసరు ట్రాక్ మనిషి కావడంలోని కష్టం ఇక్కడే ఉందనిపిస్తుంది. డ్రైవర్‌గా ఉన్నంతకాలం అతను కోరుకున్నదొకటే: అందరికీ జారే చోట తనకొక్కడికే పట్టు దొరకాలి. ఇప్పుడు అదే మనిషి ఎవరికీ అనుకూలం కాని నేల, ఎవరైనా ఎవరినైనా దాటగలిగే నేల తయారుచేయాలి. ఇన్నేళ్లూ స్వార్థంతో సంపాదించిన తెలివినే వాడాలి, స్వార్థాన్ని మాత్రం తీసేయాలి. చేసిన మేలు ఎవరి కంటా పడదు. గెలిచినవాడు ఇంజన్ కంపెనీకీ టైర్ల కంపెనీకీ దండం పెడతాడు. ట్రాక్ ఊసు ఎత్తేది ఎక్కువగా ఓడినవాడే.

2013 జూలైలో నాస్కార్ ట్రక్కుల సిరీస్ ఎల్డోరాకు వచ్చింది. నాస్కార్ జాతీయ సిరీస్ మట్టి మీద రేసు పెట్టడం 1970 తర్వాత అదే మొదలు. ఆస్టిన్ డిల్లన్ గెలిచాడు. అది చూసి నోరూరిందో ఏమో, 2021లో బ్రిస్టల్‌లోని కాంక్రీటు ట్రాక్ మీద ట్రక్కులకొద్దీ మట్టి పోయించి కప్ రేసే పెట్టారు. వాన వచ్చి రేసు సోమవారానికి వాయిదా పడింది. ఆ పగటి ఎండలో మట్టి ఆరి, దుమ్ములో ముందు కారు కనబడక, రీస్టార్ట్‌లకు రెండు వరసలు మాని ఒకే వరసలో పంపాల్సి వచ్చింది. మరుసటి ఏడాది రేసును రాత్రికి మార్చారు. బ్రిస్టల్‌వాళ్లకు పని రాదనడం నా ఉద్దేశం కాదు. డబ్బు పెడితే మట్టి వస్తుంది గానీ, ఎండ దగ్గర డబ్బు బలం పనిచేయదు.

అందుకే ఎవరైనా రేసుకు వస్తామంటే మధ్యాహ్నమే బయల్దేరమంటాను. ట్యాంకర్ ఏ మలుపు దగ్గర నెమ్మదిస్తుందో, ఎక్కడ నీళ్లు ఆపేస్తుందో చూస్తే రాత్రి జరగబోయేది సగం తెలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: తడి బాగా పట్టిన రోజున మొదటి హీట్లకు మలుపు పక్క సీట్లలో కూర్చోకండి. టైర్లు విసిరే మట్టి గడ్డలు సరాసరి మీ చేతిలోని నాచోస్‌లో పడతాయి. అక్కడి పాతకాపులు మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని మరీ ఆ సీట్లకే ఎగబడతారు.